నింద, శూన్యం, కుటుంబం: సరిహద్దు వ్యక్తిత్వ భావన వెలుగులో ‘చివరకు మిగిలేది’

సారాంశం: బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ నవలను తెలుగు విమర్శ ప్రధానంగా ఫ్రాయిడ్ మనోవిశ్లేషణ దృష్టితోను, జీవితార్థాన్వేషణ దృష్టితోను పరిశీలించింది. ఈ రెండు దృష్టులూ సమస్యను నాయకుడైన దయానిధి మనస్సులోనే నిలుపుతాయి. ఆధునిక మనోవైద్యం ‘బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్’ అని పేర్కొనే సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మతను గురించిన భావనలు ఈ నవలను మరోవిధంగా చదవడానికి తోడ్పడతాయా, తోడ్పడితే ఎంతవరకు అనేది ఈ వ్యాసంలో పరిశీలితమవుతుంది. దయానిధికి రోగనిర్ధారణ చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆ ప్రయత్నం ఎక్కడ విఫలమవుతుందో గుర్తించి, ఆ వైఫల్యం నుంచి నవలలోని కుటుంబ చిత్రణను అర్థం చేసుకోవడమే లక్ష్యం.

కీలక పదాలు: బుచ్చిబాబు, మనోవైజ్ఞానిక నవల, సరిహద్దు వ్యక్తిత్వం, నింద, కుటుంబం, గోదావరి మండలం.

1. ప్రవేశిక

బుచ్చిబాబుగా ప్రసిద్ధుడైన శివరాజు వెంకట సుబ్బారావు 1916లో ఏలూరులో జన్మించాడు. గోదావరి కాలువ, కృష్ణా కాలువ కలిసే ఊరు ఏలూరు. రెండు డెల్టాల మాటతీరు, బంధుత్వాలు, పట్టింపులు అక్కడ కలగలిసి కనిపిస్తాయి. బుచ్చిబాబు అనంతపురంలో ఆంగ్లోపన్యాసకుడిగా, ఆ తరువాత ఆకాశవాణిలో పనిచేసి 1967లో మరణించాడు. ‘చివరకు మిగిలేది’ 1946–47 సంవత్సరాలలో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికంగా వెలువడింది. కోస్తా ప్రాంతపు మధ్యతరగతి కుటుంబంలో పుట్టి, మద్రాసులో వైద్యవిద్య చదివి, చివరకు రాయలసీమకు చేరిన దయానిధి జీవితమే ఇతివృత్తం. రచయిత జీవితపు భౌగోళికరేఖకూ నాయకుని ప్రయాణానికీ ఉన్న దగ్గరితనం స్పష్టమే. అయినా నవల ఆత్మకథ కాదు. ఒక మనిషిని అతని కుటుంబానికి అంటిన నింద ఎంత దూరం వెంటాడుతుందో పరిశీలించిన రచన అది.

దయానిధి తల్లి శీలాన్ని లోకం శంకించింది. ఆ శంక అతని పెళ్లి మాటల్లో, స్నేహాల్లో, వృత్తిలో, చివరికి ప్రేమించే శక్తిలో కూడా ప్రవేశించింది. కోమలి, అమృతం, సుశీల, నాగమణి, ఇందిర అనే స్త్రీలు అతని జీవితంలోకి వచ్చి వెళతారు. ఏ ఒక్కరితోనూ అతడు నిలకడగా నిలవలేడు. ఈ అస్థిరతకు కారణమేమిటనే ప్రశ్న దగ్గరే విమర్శకులు దారులు చీలారు.

2. రెండు విమర్శ మార్గాలు, వాటి పరిమితి

మొదటి మార్గం మాతృగ్రంథిని ప్రధానం చేసింది. తల్లిపట్ల ఉన్న మమకారమూ, ఆమె ప్రవర్తనపట్ల కలిగిన జుగుప్సా కలిసి దయానిధిని ఇతర స్త్రీలను ప్రేమించలేనివానిగా చేశాయని ఈ మార్గం చెబుతుంది. ‘హామ్లెట్’తో పోలిక ఇక్కడ సహజంగానే వస్తుంది. ఫ్రాయిడ్ అనుయాయి ఎర్నెస్ట్ జోన్స్ ఆ నాటకాన్ని మాతృకాంక్ష దృష్టితో వివరించి, 1949లో ఆ వివరణను గ్రంథంగా విస్తరించాడు. షేక్‌స్పియర్‌ను లోతుగా అధ్యయనం చేసిన బుచ్చిబాబు విషయంలో ఈ పోలికను తోసిపుచ్చడం సులభం కాదు.

రెండవ మార్గం నవలను జీవితార్థాన్వేషణగా చదివింది. ప్రశ్నలకు సమాధానాలు దొరకకపోయినా, సమాధానం కోసం పడిన తపన జ్ఞాపకంగా మిగులుతుందనీ, మనిషి తనతో తాను సమాధానపడడమే చివరకు మిగిలేదనీ నవల సూచించే ముగింపు ఈ పఠనానికి ఆధారం. ఏకాంతం, అస్తిత్వం, సౌందర్యం అనే మాటలు ఈ విమర్శలో తరచు వినిపిస్తాయి.

ఈ రెండు మార్గాలూ విలువైనవే. అయితే రెండింటికీ ఒకే పరిమితి ఉంది. మొదటిది సమస్యను దయానిధి అవచేతనలో చూస్తే, రెండవది అతని తాత్త్విక చింతనలో చూసింది. ఇల్లు, బంధువర్గం, వీధి అతని వెనుక తెరగా మాత్రమే మిగిలాయి. మొదటి మార్గానికి మరొక చిక్కు కూడా ఉంది. కొడుకు వైఫల్యానికి తల్లే మూలమని చెప్పడంలో అది నవలలోని ఊరివారి తీర్పునే శాస్త్రపరిభాషలో తిరిగి పలుకుతుంది. ఊరు ‘తల్లి అటువంటిది’ అంటే, విమర్శ ‘తల్లి గ్రంథి’ అంటుంది. నింద పేరు మారినా అది పడే చోటు మారలేదు. ఈ విషయం తగినంతగా చర్చకు రాలేదు.

3. సరిహద్దు వ్యక్తిత్వ భావన: ఒక చారిత్రక రేఖ

‘సరిహద్దు’ అనే మాటకు తనదైన చరిత్ర ఉంది. 1938లో అమెరికన్ మనోవిశ్లేషకుడు అడాల్ఫ్ స్టెర్న్, న్యూరోసిస్‌గానూ సైకోసిస్‌గానూ స్పష్టంగా తేలని కొందరు రోగుల సముదాయాన్ని ఈ మాటతో గుర్తించాడు. రెండు పొలాల నడుమ గట్టు ఎవరిదో తేలనట్టే, ఆ మనుషులు ఏ వర్గానికి చెందుతారో అప్పటి వైద్యానికి తేలలేదు. 1967లో ఆటో కెర్న్‌బర్గ్ దీనిని ఒక ప్రత్యేక వ్యక్తిత్వ నిర్మాణంగా సిద్ధాంతీకరించాడు. ఒకే మనిషిలోని మంచినీ చెడునూ కలిపి చూడలేక, ఒకప్పుడు దేవతగాను, మరొకప్పుడు శత్రువుగాను చీల్చి చూడడం ఈ నిర్మాణంలో కీలకమని అతడు వివరించాడు. బుచ్చిబాబు మరణించిన సంవత్సరమూ అదే. తన కాలపు మనోవిశ్లేషణను ఆసక్తితో చదివిన రచయితకు ఈ పరిభాష అందుబాటులో లేదు. కనుక నవలపై దీని ప్రభావాన్ని వెదకడం కాలవిరుద్ధం. ఇక్కడ ఈ భావనను తరువాతి కాలపు పఠనోపకరణంగానే గ్రహించాలి.

1980లో అమెరికన్ మనోవైద్య సంఘం తన నిర్ధారణ గ్రంథం మూడవ ముద్రణలో ఈ రుగ్మతకు అధికారిక స్థానం కల్పించింది. 1994 నాటి నాలుగవ ముద్రణ నుంచి తొమ్మిది లక్షణాలు ప్రమాణంగా ఉన్నాయి: విడిచివేతను తప్పించుకోవడానికి పడే తీవ్రమైన ఆరాటం, ఆరాధనకూ తిరస్కారానికీ మధ్య ఊగే సంబంధాలు, నిలకడలేని ఆత్మప్రతిమ, హానికరమైన దుడుకుతనం, ఆత్మహత్యాప్రయత్నాలు లేదా తనను తాను గాయపరచుకోవడం, గంటల వ్యవధిలో మారే మనఃస్థితి, ఎడతెగని శూన్యభావం, అదుపు తప్పిన కోపం, ఒత్తిడిలో కలిగే తాత్కాలికమైన అనుమానాలు లేదా తననుంచి తాను విడివడిన భావన. వీటిలో కనీసం ఐదు స్థిరంగా కనిపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన పదకొండవ వర్గీకరణ మాత్రం వ్యక్తిత్వ రుగ్మతలను ప్రధానంగా తీవ్రతను బట్టి విభజించి, ‘సరిహద్దు’ను ఒక అదనపు సూచికగా నిలిపింది. అంటే ఈ పేరు నేటికీ స్థిరపడినది కాదు. సాహిత్య విమర్శ దీనిని తిరుగులేని శాస్త్రసత్యంగా ఎత్తుకోకూడదనడానికి ఇదొక్కటే చాలు.

కారణాల విషయంలో జరిగిన మార్పు సాహిత్య విద్యార్థికి మరింత ముఖ్యమైనది. 1970లలో జేమ్స్ మాస్టర్సన్ వంటి సిద్ధాంతకర్తలు, బిడ్డ తననుంచి వేరుపడి స్వతంత్రించే దశలో తల్లి తన ప్రేమను ఉపసంహరించుకోవడాన్ని మూలకారణంగా చూశారు. 1993లో మార్షా లీనహన్ ప్రతిపాదించిన జీవ–సామాజిక సిద్ధాంతం ఆ భారాన్ని ఒక్క తల్లిపై నుంచి తప్పించింది. పుట్టుకతో వచ్చిన తీవ్రమైన భావస్పందనా స్వభావమూ, ఆ భావాలను పదేపదే తోసిపుచ్చే పరిసరమూ ఒకదానినొకటి పెంచుకుంటూ పోవడం వల్ల రుగ్మత రూపొందుతుందని ఆమె వాదం. ఏడుస్తున్న బిడ్డతో ‘ఏడవడానికేముంది’ అనడం, భయపడినవానితో ‘నీకంతా నటన’ అనడం, బాధ చెప్పుకున్నవారిని వెక్కిరించడం ఇటువంటి పరిసరానికి ఉదాహరణలు. ఈ వ్యాసంలో దీనిని ‘భావనిరాకరణ పరిసరం’ అని వ్యవహరించడమైనది. తాను కూడా యౌవనంలో ఇటువంటి వేదననే అనుభవించి ఆసుపత్రిలో గడిపానని లీనహన్ 2011లో బహిరంగంగా వెల్లడించింది. సిద్ధాంతం రోగి నోటినుంచి కూడా రాగలదని అది చూపింది. ఈ అంశం ‘చివరకు మిగిలేది’లోని తల్లి పాత్రకు సంబంధించినంతవరకు చాలా విలువైనది.

4. నిర్ధారణ ప్రయత్నం, దాని వైఫల్యం

పై తొమ్మిది లక్షణాలను దయానిధికి అన్వయిస్తే కొన్ని సరిపోయినట్టే కనిపిస్తాయి. శూన్యభావం నవల పొడుగునా ఉంది. తానెవరు, ఏమి కోరుతున్నాడు అనే విషయంలో అతనికి నిలకడ లేదు. కోమలిని అతడు మనిషిగా కంటే సౌందర్యంగా చూస్తాడు. ఆమె నిత్యజీవితపు అవసరాలతో, ధనాశతో ఎదుట నిలిచినప్పుడు ఆ ప్రతిమకూ ఆ మనిషికీ పొత్తు కుదరదు. ఆరాధనకూ ఆశాభంగానికీ మధ్య ఊగిసలాట ఇక్కడ ఉంది.

కాని అసలు చోట పోలిక తెగిపోతుంది. దయానిధిలో అదుపు తప్పిన కోపం లేదు. తనను గాయపరచుకోవడం లేదు. విడిచి వెళుతున్నవారిని పట్టుకుని వేలాడే ఆరాటం కూడా అతనిది కాదు. విడిచిపోతున్నవారిని అతడు దాదాపు ప్రేక్షకునివలె చూస్తాడు. అతని బాధకు మంట లేదు, పొగ మాత్రమే ఉంది. నిర్ధారణ గ్రంథం ప్రకారం అతడు సరిహద్దు వ్యక్తి కాడు.

అదే కాలానికి చెందిన గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావును పక్కన నిలిపితే ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. సీతారామారావులో ఆత్మప్రతిమ చీలిపోయింది. వంశగౌరవం గురించిన గొప్ప ఊహకూ, తన అసమర్థత గురించిన జుగుప్సకూ మధ్య అతడు నలిగిపోతాడు. ఆ నలుగుడు కోపంగా మారి భార్య మీద, ఇంటి మీద పడుతుంది. చివరకు తన దేహం మీదికే తిరుగుతుంది. ఆ ఇంట్లో ఉన్నవారు ఎప్పుడు ఏమి జరుగుతుందోనని బిక్కుబిక్కుమంటూ బతుకుతారు. సరిహద్దు రుగ్మత ఉన్న కుటుంబాలు చెప్పే అనుభవానికి ఈ చిత్రణ ఎంతో దగ్గరగా ఉంది. డెల్టా జనవ్యవహారంలో ఇటువంటివారికి ‘తిక్కమనిషి’, ‘ఘడియకో రకం’ అనే మాటలున్నాయి. వ్యాధికి పేరు తెలియకపోయినా, అటువంటి మనిషితో కలిసి బతకడంలోని అలసట ఆ మాటల్లో ఉంది.

గోపీచంద్ నవలలో రుగ్మత మనిషి నుంచి కుటుంబంలోకి ప్రవహిస్తుంది. బుచ్చిబాబు నవలలో ఆ ప్రవాహం ఎదురుదిశలో సాగింది. కుటుంబం చుట్టూ ఉన్న నింద మనిషిలోకి ప్రవేశించి, అక్కడ నిశ్శబ్దంగా గడ్డకట్టింది. నిర్ధారణ ప్రమాణాలు మొదటి నవలకు కొంత వర్తించి, రెండవదానికి వర్తించకపోవడానికి కారణం ఇదే. లక్షణాల పట్టిక వ్యక్తిని కొలుస్తుంది. ‘చివరకు మిగిలేది’లో కొలవవలసినది వ్యక్తుల నడుమ ఉన్నది.

5. తల్లి: విచారణ లేని తీర్పు

నవలలో దయానిధి తల్లి మీద పడిన అపవాదు నిజమెంత అనేది పాఠకునికి నిర్దిష్టంగా తెలియదు. లోకం చెప్పిన మాటే వినిపిస్తుంది. తన పక్షం చెప్పుకునే అవకాశం ఆమెకు దాదాపు దొరకదు. ఆమె మరణించిన తరువాత కూడా ఆమె పేరు కొడుకు వెంట నడుస్తుంది. ‘హామ్లెట్’ గురించి 1919లో రాసిన వ్యాసంలో టి.యస్. ఎలియట్, నాయకుని జుగుప్సకు తల్లి కారణమైనా, ఆ జుగుప్స అంతటినీ మోయడానికి తల్లి పాత్ర చాలదని ఆక్షేపించాడు. అదే మాటను బుచ్చిబాబు నవలకు అన్వయిస్తే ఆక్షేపణ కాస్తా గుణంగా మారుతుంది. దయానిధి వేదనను మోయడానికి తల్లి చేసిన పని చాలకపోవడం నిజమే. ఆ మిగతా బరువును మోస్తున్నది తల్లి కాదు, ఆమె గురించి మాట్లాడే నోళ్లు. కారణానికీ కార్యానికీ మధ్య ఉన్న ఆ ఎడాన్ని నవల సమాజంతో నింపింది.

పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలనే సామెత తెలుగునాట పెళ్లి సంబంధాల వేళ నేటికీ వినిపిస్తుంది. శీలం రక్తంలో ప్రవహిస్తుందనే నమ్మకం దాని వెనుక ఉంది. సాధారణంగా ఆడపిల్లకు వర్తించే ఈ కొలతను బుచ్చిబాబు కొడుకుకు వర్తింపజేసి చూశాడు. తల్లిని చూసి అతనికి పిల్లనివ్వడానికి సంకోచించే లోకంలో, తల్లిని చూసే తననూ తాను అంచనా వేసుకునే స్థితికి దయానిధి చేరుకుంటాడు. బయటి తీర్పు లోపలి స్వరంగా మారిన ఈ క్షణమే నవలలోని అసలు విషాదం. దీనికి మాతృగ్రంథి అవసరం లేదు. నలుగురి మాటను నమ్మిన ఒక బిడ్డ చాలు.

మనోవైద్య చరిత్రలోనూ ఇటువంటిదే జరిగింది. బిడ్డ అస్థిరతకు తల్లి ప్రేమరాహిత్యమే మూలమన్న సిద్ధాంతాలు, ఎందరో తల్లులను విచారణ లేకుండా దోషులుగా నిలబెట్టాయి. రోగనిర్ధారణలోనూ లింగభేదం గమనించదగినది. చికిత్సాలయాల్లో ఈ పేరు పొందినవారిలో స్త్రీలే అధికం. సాధారణ జనాభాపై జరిగిన కొన్ని సర్వేల్లో మాత్రం స్త్రీపురుషుల మధ్య అంత తేడా కనిపించలేదు. పురుషునిలో ‘కోపిష్టితనం’గా సరిపెట్టుకున్న ప్రవర్తనే స్త్రీలో రుగ్మతగా పేరు పొందుతున్నదేమోనన్న సందేహానికి ఇది తావిస్తుంది. దయానిధి తల్లి మీద ఊరు వేసిన ముద్రకూ, తొందరపాటుతో వేసే వైద్యముద్రకూ మధ్య దూరం అనుకున్నంత ఎక్కువ కాదు. రెండూ మనిషిని ఒక మాటకు కుదిస్తాయి. ఆ మాట తరువాత ఆమె చెప్పేది ఎవరూ వినరు.

6. భావనిరాకరణ పరిసరంగా కుటుంబం

లీనహన్ సిద్ధాంతంలోని రెండవ భాగం ఇక్కడ ఉపకరిస్తుంది. దయానిధి చుట్టూ ఉన్నవారు దుర్మార్గులు కారు. తండ్రి క్రూరుడు కాడు. బంధువులు తమకు తోచిన మంచినే కోరుతారు. అయినా తల్లిని గురించి దయానిధికి ఏమనిపిస్తున్నదో అడిగేవారు లేరు. ఇంట్లో మౌనం, బయట గుసగుస అన్నట్టుగా అతని దుఃఖం రెండింటి నడుమ మాట లేకుండా మిగిలింది. ఒకవైపు తల్లిపట్ల ప్రేమ, మరొకవైపు ఆమెను గురించి విన్నదానివల్ల కలిగిన అవమానం. ఈ రెండూ కలిసి ఉండడం సహజమేనని అతనికి చెప్పగలవారెవరూ లేకపోయారు. రెండింటినీ ఒకే మనస్సులో నిలుపుకోలేక అతడు రెండింటి నుంచీ తొలగిపోతాడు. అతని శూన్యం భావాలు లేకపోవడం వల్ల వచ్చినది కాదు. ఉన్న భావాలకు ఇంట్లో చోటు లేకపోవడం వల్ల వచ్చినది.

‘పరువు’ అనే విలువ ఈ మౌనానికి కావలి కాస్తుంది. డెల్టా మధ్యతరగతి కుటుంబాల్లో పరువు భూమివంటి ఆస్తి. అది తాతల నుంచి వస్తుంది, పిల్లలకు సంక్రమిస్తుంది, దానికి నష్టం వస్తే అందరూ పంచుకోవాలి. అందువల్ల ఇంట్లో ఒకరి మనోవేదన వారి స్వంత విషయం కాకుండా పోయి, ఉమ్మడి ఆస్తికి కలిగిన నష్టమవుతుంది. నష్టాన్ని దాచాలన్న ఆరాటంలో వేదనను వినే అవకాశం పోతుంది. మామగారి వ్యవహారం ఈ తర్కానికి మరొక రూపం. దయానిధి జాతీయోద్యమ సందర్భంలో సభలో మాట్లాడడం ప్రభుత్వానికి విధేయుడైన మామకు కంటగింపు అవుతుంది. కూతురు కాపురానికి రావడం ఆగిపోతుంది. ఇందిర ఏమి కోరుతున్నదన్న ప్రశ్న రెండు కుటుంబాల పరువుల నడుమ వినిపించకుండా పోయింది.

తెలుగునేలపై అక్షరాస్యత, వైద్యవిద్య పెరిగిన కాలమే నవలలోని కాలం. దయానిధి స్వయంగా వైద్యుడు. ఇతరుల దేహాలకు చికిత్స చేయగల విద్య అతనికి అబ్బింది. తన దుఃఖానికి పేరు పెట్టగల భాష మాత్రం ఆ విద్యలో దొరకలేదు. నాయకుణ్ణి న్యాయవాదిగానో ఉపాధ్యాయుడిగానో కాక వైద్యునిగా తీర్చడంలో ఉన్న వ్యంగ్యం ఇక్కడ తెలుస్తుంది.

7. స్త్రీపాత్రల పక్షం నుంచి

సరిహద్దు వ్యక్తిత్వ చర్చలో కుటుంబసభ్యుల అనుభవానికి గత మూడు దశాబ్దాలలో ప్రత్యేక ప్రాధాన్యం లభించింది. జాన్ గండర్సన్ వంటి వైద్యులు కుటుంబాలను రోగకారకులుగా కాక చికిత్సలో భాగస్వాములుగా చూడాలని చెప్పారు. ఈ దృష్టితో చూసినప్పుడు, నవలలోని స్త్రీలను దయానిధి అన్వేషణలోని మజిలీలుగా మాత్రమే చదివే అలవాటు ప్రశ్నార్థకమవుతుంది. ఒక మనిషి లోపలి ఎడారి పక్కన బతికినవారు ఏమి పోగొట్టుకున్నారనే లెక్క కూడా విమర్శ చూడవలసి ఉంది.

ఇందిర ఈ లెక్కలో మొదటిది. భర్త ఉండీ లేని స్థితి, పుట్టింటి పంతం, ఆలస్యంగా దొరికిన కాపురం, క్షయవ్యాధి, మరణం: ఇదీ ఆమె వంతుకు వచ్చిన జీవితం. దయానిధి ఆమెను హింసించలేదు. కానీ పూర్తిగా ఆమె దగ్గర ఉండనూ లేదు. గోపీచంద్ నవలలో సీతారామారావు భార్య పేరు కూడా ఇందిరే కావడం కాకతాళీయం. ఆ పోలిక మాత్రం ఆలోచింపజేస్తుంది. ఒక ఇందిర భర్త కోపానికి గురైతే, మరొక ఇందిర భర్త పరాకుకు గురైంది. కోపం చేసిన గాయం కంటికి కనిపిస్తుంది కనుక దానికి సానుభూతి దొరుకుతుంది. పరాకు చేసిన గాయానికి సాక్షులు ఉండరు.

అమృతం పాత్ర దీనికి భిన్నం. ఆమె దయానిధిని విచారించదు, సంస్కరించదు, అతని తల్లిని తూకం వేయదు. అతని మాటను అతని మాటగానే వింటుంది. వివాహిత అయిన ఆమెతో ఒక రాత్రి కలయికను నీతి ప్రశ్నగా చర్చించిన విమర్శ, ఆ సాన్నిహిత్యంలోని ఈ వినికిడిని తక్కువగా గమనించింది. లీనహన్ చికిత్సాపద్ధతిలో ‘ధ్రువీకరణ’కు పెద్దపీట ఉంది. ఎదుటివాని ప్రవర్తనను ఆమోదించడం ధ్రువీకరణ కాదు. అతని భావం అతని పరిస్థితిలో అర్థవంతమేనని గుర్తించడం. నవలలో ఆ గుర్తింపు దయానిధికి దొరికినది అమృతం వద్దనే. అయితే అది సంఘం అనుమతించిన చోట దొరకలేదు. కుటుంబం ఇవ్వవలసినది కుటుంబపు హద్దు దాటితేనే దొరకడం ఈ నవల చేసిన అతి పదునైన సామాజిక వ్యాఖ్య.

చివరలో కోమలి తిరిగి రావడాన్ని కూడా ఈ వెలుగులో చూడవచ్చు. మొదట సౌందర్యప్రతిమగా ఉన్న కోమలి, నష్టాలను చవిచూసిన మామూలు మనిషిగా తిరిగి వస్తుంది. మంచీ చెడూ కలిసిన మనిషిని చీల్చకుండా చూడగలగడం కెర్న్‌బర్గ్ దృష్టిలో స్వస్థతకు గుర్తు. దయానిధి ఆ స్థితికి పూర్తిగా చేరాడని నవల చెప్పదు. ఆ దిశగా కదిలాడని మాత్రం సూచిస్తుంది.

‘నన్ను గురించి కథ వ్రాయవూ?’ అనే బుచ్చిబాబు కథ కూడా ఇక్కడ స్మరణీయం. ఏ ప్రత్యేకతా లేనట్టు కనిపించే కుముదం తనను గురించి కథ రాయమని పదేపదే అడుగుతుంది. ఎవరో ఒకరు తనను ఉన్నదున్నట్టు చూడాలనే కోరిక అది. దయానిధి తల్లికి దక్కనిది కూడా ఆ చూపే. ఆమెను గురించి అందరూ కథలు చెప్పారు గాని, ఆమె కథ ఎవరూ వినలేదు.

8. అభ్యంతరాలు

ఈ పఠనంపై రెండు అభ్యంతరాలు రావచ్చు. పాశ్చాత్య వైద్యభావనను తెలుగు నవలపై రుద్దడం మొదటిది. మాతృగ్రంథి కూడా అటువంటి భావనే గనుక, అభ్యంతరం ఈ ఒక్క ఉపకరణానికే పరిమితం కాదు. ఉపకరణం ఎక్కడిదన్న దానికంటే, అది పాఠ్యంలోని వివరాలను ఎక్కువగా చూపుతున్నదా, కప్పివేస్తున్నదా అన్నదే పరీక్ష. లక్షణాల పట్టిక ఆ పరీక్షలో ఓడింది. భావనిరాకరణ పరిసరం, ధ్రువీకరణ అనే భావనలు మాత్రం నిలిచాయి.

రెండవ అభ్యంతరం, భారాన్ని తల్లి నుంచి తీసి కుటుంబంపై వేస్తే నింద చిరునామా మారిందే తప్ప పోలేదన్నది. ఇది బలమైన ప్రశ్న. దీనికి సమాధానం నవలలోనే ఉంది. బుచ్చిబాబు ఏ పాత్రనూ ప్రతినాయకునిగా నిలపలేదు. తండ్రికి మౌనం తప్ప మరొకటి తెలియదు. మామగారిని ఉద్యోగభయం కట్టివేసింది. బంధువులు తాము విన్నదే తిరిగి చెప్పారు. నిరాకరణ ఇక్కడ ఎవరి నేరమూ కాదు, అందరి అలవాటు. అలవాటును నేరంగా విచారించలేము. కానీ గుర్తిస్తే మార్చుకోవచ్చు. సరిహద్దు రుగ్మత విషయంలో మేరీ జానరీని నాయకత్వంలో జరిగిన దీర్ఘకాలిక పరిశీలనలు, అత్యధికులలో లక్షణాలు ఏళ్లు గడిచేకొద్దీ ఉపశమిస్తాయని తేల్చాయి. ఒకప్పుడు మార్పులేనిదని భావించిన స్థితి మారేదేనని తెలిసింది. రక్తంలో వచ్చింది గనుక మారదన్న సామెత తర్కానికి ఇది విరుద్ధం. దయానిధి కథకూ ఈ తర్కాన్ని ధిక్కరించే శక్తి ఉంది.

9. ముగింపు

‘చివరకు మిగిలేది’ని సరిహద్దు వ్యక్తిత్వానికి దృష్టాంతంగా చదవడం నవలకూ శాస్త్రానికీ న్యాయం చేయదు. దయానిధికి ఆ పేరు నప్పదు. నప్పినా ఆ పేరుతో నవల అర్థం కాదు. అయితే ఆ రుగ్మత గురించిన ఆలోచన తల్లిని దోషిగా చూసే దశ నుంచి పరిసరాన్ని అర్థం చేసుకునే దశకు సాగిన ప్రయాణం, ఈ నవలా విమర్శ ఇంకా చేయవలసిన ప్రయాణాన్ని సూచిస్తుంది. మాతృగ్రంథి పఠనం తెలియకుండానే ఊరి తీర్పును సమర్థించింది. ఆ తీర్పు ఎలా తయారై, ఒక బిడ్డ లోపలికి ఎలా ప్రవేశించి, అతని పక్కన బతికినవారిని ఎలా తాకిందో చూపడమే బుచ్చిబాబు సాధించినది.

మనోవ్యాధుల పేర్లు తెలుగు ఇళ్లలోకి విరివిగా ప్రవేశిస్తున్న నేటి కాలంలో ఈ నవలకు కొత్త ప్రసక్తి ఉంది. పేరు తెలియడం మేలే. చికిత్సకు అది దారి చూపుతుంది, కుటుంబానికి తమ అలసటను చెప్పుకునే భాషనిస్తుంది. అదే పేరు వినడానికి బదులుగా వాడితే, పాత నిందకు కొత్త అక్షరాలు తొడిగినట్టే. దయానిధి తల్లిని ఊరు ఒక మాటతో ముగించింది. ఆమె ఏమి చెప్పి ఉండేదన్న ప్రశ్నను నవల తెరిచే ఉంచింది. విమర్శ ఆ ప్రశ్నను మూసివేయకుండా కాపాడవలసి ఉంది.